రాజు ఇచ్చివేసిన ఇరువది ఊళ్లు

ధ్యాన భాగము: 1 రాజులు 9వ అధ్యాయము



సొలొమోను అనగానే మనకు జ్ఞాపకమునకు వచ్చునవి మూడు: ఆయన జ్ఞానము, ఆయన కట్టించిన మందిరము, ఆయన బంగారము. సండేస్కూలు పిల్లలు సహితము వీటిని గూర్చి తడుముకొనక చెప్పగలరు. మందిర ప్రతిష్ఠ దినమున ఆయన చేసిన ప్రార్థన 8వ అధ్యాయములో నున్నది. క్రొత్త గుడి తెరచునప్పుడు ఆ ప్రార్థనను చదువుకొని మనము సంతోషించుచుందుము. అయితే దాని వెనువెంటనే వచ్చు 9వ అధ్యాయమును నిలిచి చదువువారు కొద్దిమందియే. అది లెక్కల అధ్యాయము. పెండ్లి ముగిసిన మరునాడు పందిరి విప్పుచు, ఎవరికెంత బాకీ యున్నదని తండ్రి కూర్చుండి లెక్క చూచుకొన్నట్లుండును ఆ అధ్యాయము. పెండ్లిలో వాయిద్యములు అందరును విందురు. మరునాటి లెక్క ఇంటివారికే తెలియును. దేవుని ఆత్మ ఆ లెక్కను దాచలేదు. మన మేలుకొరకు వ్రాయించి యుంచెను. ఈ నెల దానిని కలిసి చదువుదము.

రాజు కట్టించిన పనులు

దేవుని మందిరమునకు 7 సంవత్సరములు పట్టెను. రాజు తన నగరు కట్టుకొనుటకు 13 సంవత్సరములు పట్టెను. రెండును కలిపి 20 సంవత్సరములు. ఇది క్రీస్తుకు పూర్వము సుమారు 966 మొదలుకొని 946 వరకు జరిగిన పని అని పండితులు లెక్కించుచున్నారు. ఈ 20 ఏండ్లు ముగిసినను సుత్తెల చప్పుడు ఆగలేదు. యెరూషలేము ప్రాకారము, మిల్లో, హాసోరు, మెగిద్దో, గెజెరు, దిగువ బేత్‌హోరోను, బయలాతు, అరణ్యములో తద్మోరు, ధాన్యపు కొట్లుండు పట్టణములు, రథములుండు పట్టణములు, ఇట్లు ఆ పట్టిక సాగిపోవుచున్నది.

ఇవి ఆలోచన లేక కట్టిన ఊళ్లు కావు. హాసోరు ఉత్తరపు దారిని కాయును. మెగిద్దో కొండల నడుమనుండి యెజ్రెయేలు మైదానములోనికి దిగు కనుమను కాయును. గెజెరు సముద్రతీరపు బాటనుండి యెరూషలేమునకు ఎక్కు మార్గమును కాయును. ఈ మూడు దిబ్బలను త్రవ్వినవారికి ఒకే పోలికగల, ఆరు గదుల పట్టణపు గుమ్మములు కనబడినవి. అవి సొలొమోను దినములవే అని కొందరును, ఆయన తరువాతి రాజులవని కొందరును నేటికిని వాదించుచున్నారు. గుమ్మముల సంగతి ఎట్లున్నను, దారులను కాచుకొని వర్తకుల పన్నులు రాబట్టుకొను తెలివిగల రాజు సొలొమోను అనుటలో సందేహము లేదు.

కట్టుట పాపము కాదు. ప్రజల క్షేమముకొరకు గోడ పెట్టుటయు, కరవు కాలమునకు ధాన్యము నిలువచేయుటయు రాజు ధర్మమే. అన్యదేశస్థులతో స్నేహము చేయుటయు పాపము కాదు. తూరు రాజైన హీరాము సొలొమోను వర్తమానము విని యెహోవాను స్తుతించెను (5:7). మందిరపు ఇత్తడి పని చేసిన నేర్పరి తల్లి నఫ్తాలి గోత్రపు విధవరాలు, తండ్రి తూరువాడు (7:14). దూరదేశమునుండి పరదేశి వచ్చి ఈ మందిరమువైపు తిరిగి ప్రార్థన చేసినయెడల వాని మొరను ఆలకింపుమని సొలొమోనే దేవుని వేడుకొనెను. కాబట్టి పరదేశిని చేరనిచ్చుట తప్పు అని ఈ అధ్యాయము మనకు బోధించుట లేదు. ఆ స్నేహమునకు వెల ఎవరు చెల్లించిరి? ఎవరి సొమ్ముతో చెల్లించిరి? దీనిని గూర్చియే అది మనలను అడుగుచున్నది.

హీరాముతో కుదిరిన బేరము

లెబానోను దేవదారు మ్రానులు హీరామువి. ఆ మ్రానులను తెప్పలుగా కట్టి సముద్రముమీద దింపుట ఆయన పనివారి విద్య. దానికి ప్రతిగా సొలొమోను ఏటేట 20,000 కోరుల గోధుమలును, 20 కోరుల మంచి నూనెయు పంపవలెను (5:11). కోరు అనునది హోమెరుతో సమానమైన కొలత. హోమెరు అనగా గాడిద మోయునంత బరువు. అనగా ప్రతి సంవత్సరము 20,000 గాడిదల బరువు గోధుమలు ఇశ్రాయేలు కళ్లములనుండి కదలి తూరు రాజు ఇంటికి పోవుచుండెను. రాజు దుక్కి దున్నలేదు, కోత కోయలేదు, నూర్చలేదు. ఆ గింజ ఎవరి చెమట అని రైతుబిడ్డలైన మీకు మేము వివరింప నక్కరలేదు.

ఇంత పంపినను లెక్క తీరలేదు. హీరాము మ్రానులతోపాటు బంగారమును ఇచ్చియుండెను. అది 120 తలాంతులు. ఒక్కొక్క తలాంతు 30 కిలోలకు పైమాటే. అప్పుడు సొలొమోను ఏమి చేసెను? గలిలయ దేశములో 20 పట్టణములను హీరామునకు ఇచ్చివేసెను. పట్టణములు అని వ్రాయబడెను గాని, వాటిలో అనేకములు మన పల్లెలవంటి ఊళ్లే అయి యుండును.

ఒక క్షణము ఆ ఊళ్లలోనికి పోయి చూతము. అవి ఆషేరు గోత్రపు సీమలోనివి. యెహోషువ దినములలో చీట్లు వేసి పంచి ఇచ్చిన స్వాస్థ్యమది. ఆ సరిహద్దు పట్టికలో కాబూలు పేరు కూడ కలదు (యెహోషువ 19:27). నూనెకును మంచి ఆహారమునకును ఆ గోత్రము పేరుపొందినది. ఒక సాయంకాలము ఆ ఊరివారు పొలమునుండి వచ్చి, తాము ఇక తూరు రాజు జనులమని వినిరి. వారినెవరును అడుగలేదు. తాతలు నాటిన ఒలీవ చెట్లు, పితరుల సమాధులు, ఊరి బావి, అన్నియు బంగారపు లెక్కలో ఒక పద్దు అయిపోయెను.

భూమి తనదనియు, ఇశ్రాయేలీయులు తన యొద్ద కాపురమున్నవారు మాత్రమే యనియు, గనుక దానిని శాశ్వతముగా అమ్మరాదనియు దేవుడు ధర్మశాస్త్రములో సెలవిచ్చి యుండెను (లేవీయకాండము 25:23). ఇంచుమించు నూరేండ్ల తరువాత నాబోతు అను రైతు ఈ ఆజ్ఞను గుర్తుంచుకొని, తన పితరుల ద్రాక్షతోటను అహాబు రాజునకు ఇయ్యనని నిలువబడెను. దానికై ప్రాణము విడిచెను. ఒక సామాన్య రైతునకు తెలిసిన సంగతి జ్ఞానులలో జ్ఞానియైన సొలొమోనునకు తెలియలేదా? తెలిసియుండును. అయితే గొప్ప పని తలపెట్టినవానికి చిన్నవాని స్వాస్థ్యము చిన్నదిగా కనబడును.

ఇంతకును ఆ ఊళ్లు పుచ్చుకొన్నవాడైనను సంతోషించెనా? హీరాము తూరునుండి బయలుదేరి వచ్చి చూచెను. అవి ఆయనకు నచ్చలేదు. సహోదరుడా, నీవు నాకిచ్చిన ఊళ్లు ఇవియా అని దెప్పి, వాటికి కాబూలు అని పేరు పెట్టెను. ఆ మాటకు తూరువారి భాషలో ఇంపుకానిది అని అర్థమని యోసేపు అను యూదుల చరిత్రకారుడు 1వ శతాబ్దములో వ్రాసెను. తరువాత ఆ ఊళ్లు మరల ఇశ్రాయేలు చేతికే వచ్చినట్లు 2 దినవృత్తాంతములు 8:2 వలన తోచుచున్నది. చూడుడి, తమ రాజు వారిని వదలుకొనెను. పరరాజు వారిని ముఖముమీదనే తృణీకరించెను. ఇద్దరు గొప్పవారి నడుమ 20 ఊళ్లు ఎవరికిని అక్కరలేనివైపోయెను.

ఫరోతో వియ్యము

రెండవ స్నేహము ఐగుప్తుతో. ఫరో కుమార్తెను సొలొమోను పెండ్లాడెను. మామ అల్లునికి ఏమి కట్నమిచ్చెను? గెజెరు పట్టణముమీద పడి, దానిని అగ్నితో కాల్చి, అందులోనున్న కనానీయులను చంపి, ఆ ఊరిని కుమార్తెకు కానుకగా ఇచ్చెను (9:16). బూడిదయు రక్తమును కలిసిన కట్నము! సొలొమోను దానిని పుచ్చుకొని మరల కట్టించెను. ఐగుప్తునుండి రథమునకు 600 తులములు, గుఱ్ఱమునకు 150 తులములు వెండి చొప్పున తెప్పించెను. రాజు గుఱ్ఱములను విస్తారముగా సంపాదింపరాదు, వాటికొరకు జనులను ఐగుప్తునకు మరలింపరాదు, అనేక స్త్రీలను పెండ్లాడరాదు, వెండి బంగారములను విస్తరింపజేసికొనరాదు అని ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయము ముందుగానే హెచ్చరించెను. సొలొమోను ఆ మూడు గీతలను ఒకదాని వెంబడి ఒకటి దాటెను.

ఈ వియ్యము ఎంతకాలము నిలిచెను? ఐగుప్తులో రాజవంశము మారెను. క్రొత్త ఫరోయైన షీషకు, సొలొమోను యొద్దనుండి పారిపోయిన యరొబామునకు ఆశ్రయమిచ్చెను. సొలొమోను కుమారుడైన రెహబాము ఏలుబడిలో 5వ సంవత్సరమున యెరూషలేము మీదికి వచ్చి, మందిరపు పదార్థములను, నగరులోని పదార్థములను దోచుకొని, సొలొమోను చేయించిన బంగారు డాళ్లను ఎత్తుకొనిపోయెను. ఇది క్రీస్తుకు పూర్వము సుమారు 925లో జరిగినది. తాను పట్టిన ఊళ్ల పేర్లను ఆ ఫరో కర్నాకు గుడి గోడమీద చెక్కించెను. సొలొమోను బలపరచిన మెగిద్దోలోనే ఆ ఫరో పేరుగల శిలాఫలకపు ముక్క దొరికినది. రెహబాము బంగారు డాళ్లకు మారుగా ఇత్తడి డాళ్లు చేయించి, మందిరమునకు పోవునప్పుడు వాటిని మోయించుచుండెను. ఊరేగింపు పాతదే, మెరుగు మాత్రము ఇత్తడిది!

బరువు మోసినవారు

ఇక మూడవ పద్దు అన్నిటికంటె పెద్దది. లెబానోనులో పనికి ఇశ్రాయేలీయులలోనుండి 30,000 మందిని వెట్టికి పట్టిరి. వారు నెలకు 10,000 మంది చొప్పున వంతులవారీగా పోవుదురు; ఒక నెల కొండమీద, రెండు నెలలు ఇంటియొద్ద. బరువులు మోయువారు 70,000 మంది. కొండలలో రాళ్లు కొట్టువారు 80,000 మంది. వీరిపైన పని చేయించు అధికారులు 3,300 మంది (5:13–16). దేశములో మిగిలిన అమోరీయులు, హిత్తీయులు మొదలగువారి సంతతినైతే రాజు శాశ్వతముగా వెట్టిలో ఉంచెను (9:20–21).

వెట్టి అను మాట మన చెవులకు క్రొత్తది కాదు. దొర ఇంటికి కూలి లేక చాకిరి చేసిన తాతముత్తాతల కథలు మన ఇండ్లలో అనేకులు విన్నవే. మన దేశపు రాజ్యాంగము 23వ అధికరణములో దానిని నిషేధించినది. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టము వచ్చినది. అందుచేత ఈ వచనములను చదువునప్పుడు మన మనస్సు రాజు సింహాసనమునొద్ద నిలువదు. రాతి గనియొద్దకు పోవును.

ఇశ్రాయేలీయులు ఎవరు? ఐగుప్తులో ధాన్యపు కొట్ల పట్టణములు కట్టుచు, వెట్టి అధికారుల క్రింద మూలిగిన జనులు. ఆ మూలుగు విని దేవుడు దిగివచ్చి వారిని విడిపించెను. అట్టి జనుల రాజు, ఐగుప్తు అల్లుడై, మరల ధాన్యపు కొట్ల పట్టణములు కట్టించుచు, మరల వెట్టి అధికారులను నియమించెను. విడుదల పొందినవాని చేతికే కొరడా వచ్చెను. ఇంతకంటె దుఃఖకరమైన సంగతి ఏమున్నది?

దాని ఫలము త్వరలోనే కనబడెను. మిల్లో కట్టుచుండగా చురుకుగా పనిచేసిన యరొబామును చూచి, యోసేపు సంతతివారి భారమంతటిపైన సొలొమోను అతనిని పెట్టెను (11:28). బరువు ఎంతటిదో దగ్గరనుండి చూచినవాడు అతడే. సొలొమోను మరణింపగానే అతడును ప్రజలును రెహబామునొద్దకు వచ్చి, నీ తండ్రి పెట్టిన కాడి బరువైనది, దానిని తేలిక చేయుమని బ్రతిమాలిరి. మందిరములో బంగారము తక్కువైనదని వారు అడుగలేదు. కాడి తేలిక చేయుమని మాత్రమే అడిగిరి. రెహబాము వినలేదు. పది గోత్రములు విడిపోయెను. వెట్టివారిమీద అధికారియైన అదోరామును జనులు రాళ్లతో కొట్టి చంపిరి. రాళ్లు మోయించినవాడు రాళ్ల చేతనే కూలెను.

ఇన్నింటి నడుమ 9:25లో ఒక చిన్న మాట కలదు: సొలొమోను సంవత్సరమునకు మూడుమారులు బలిపీఠముమీద బలులు అర్పించుచుండెను. ఆరాధన ఆగలేదు. ధూపము ఆగలేదు. కొండలో మూలుగులును ఆగలేదు. నీతితప్పి ఇల్లు కట్టువానికిని, పొరుగువానిచేత పని చేయించుకొని జీతమియ్యనివానికిని శ్రమ అని యిర్మీయా ప్రవక్త తరువాతి కాలమున ఒక రాజు ముఖముమీదనే చెప్పెను (యిర్మీయా 22:13). మందిరము ముగిసిన తరువాత దేవుడు సొలొమోనునకు ప్రత్యక్షమై, మీరు నన్ను విడిచినయెడల ఈ మందిరమును విడిచెదనని చెప్పిన హెచ్చరిక ఈ లెక్కలకు ముందుగానే వ్రాయబడి యున్నది. దేవుడు గోడలకు కట్టుబడినవాడు కాడు.

ఆ ఊళ్లకు వచ్చిన ప్రభువు

కథ ఇక్కడ ముగిసినయెడల మనకు భయము మాత్రమే మిగులును. దేవునికి స్తోత్రము, అది ముగియలేదు. అక్కో పట్టణమునకు ఆగ్నేయముగా కాబూలు అను ఊరు నేటికిని అదే పేరుతో నున్నది. అచ్చటినుండి నజరేతు సుమారు 20 కిలోమీటర్లే. రాజు బంగారమునకు బదులు విడిచిపెట్టిన గలిలయలో, పరరాజు చూచి ముఖము త్రిప్పుకొన్న ఆ సీమ చేరువలో, దేవుడు తన కుమారుని పెంచెను. అన్యజనుల గలిలయలో చీకటిలోనున్నవారు వెలుగు చూతురని యెషయా ముందుగా పలికినది ఇదియే. నజరేతునుండి మంచిదేదైన వచ్చునా అని నతనయేలు సందేహించెను. కాబూలు అని పేరు పెట్టిన హీరాము మాటయు దాదాపు అట్టిదే. మనుష్యులు పనికిరాదన్న చోటును దేవుడు ఏరుకొనెను.

ఆయన అక్కడ ఏమి చేసెను? వడ్లవాని పని చేసెను. మ్రాను మోసెను. ఆయనయు కట్టువాడే, కాని ఒకని వీపుమీద బరువు పెట్టి కట్టువాడు కాడు. మత్తయి సువార్తలో రెండు మాటలు దగ్గర దగ్గరగా నున్నవి. 11వ అధ్యాయము చివర, భారము మోయుచు అలసినవారందరిని ఆయన తనయొద్దకు పిలిచి, తన కాడి సులువైనదని చెప్పెను. 12వ అధ్యాయములో, సొలొమోనుకంటె గొప్పవాడు ఇక్కడ ఉన్నాడనెను. ఈ రెంటిని కలిపి చదువుడి. సొలొమోనుకంటె ఆయన ఎందులో గొప్పవాడు? సొలొమోను కాడిని బరువు చేసెను. ఈయన తేలిక చేసెను. సొలొమోను అప్పునకు ప్రజల ఊళ్లను ఇచ్చెను. ఈయన మన అప్పునకు తన్నుతాను ఇచ్చెను. రాతి గనినుండి వచ్చినవారితో సంఘమును కట్టి, వారినే సజీవమైన రాళ్లని పిలిచెను.

మన సంఘముల మాట

ప్రియులారా, మనమును కట్టుచున్నాము. తాటాకు గుడిసెలో ఆరాధించిన సంఘములు నేడు సిమెంటు స్లాబు వేసికొనుచున్నవి. ఇది సంతోషించవలసిన సంగతి. అయితే మందిరపు లెక్క చూచుకొనునప్పుడు ఇటుకలు, ఇసుక, ఇనుములతోపాటు మరి మూడు పద్దులు కూడ వేసికొందము.

మొదటిది, మోసినవారి పద్దు. తట్ట మోసిన సహోదరికి కూలి ముట్టినదా? దేవుని పని కదా అని చెప్పి బీదవాని కూలి ఆపుట దేవునికి ఇష్టమైన కానుక కాదు. ఇష్టముతో చేసినది సేవ. కాదనలేక చేసినది వెట్టి. ఈ రెంటికి నడుమ భేదమును పెద్దలు ఎరిగి నడుచుకొనవలెను. గుడిముందరి శిలాఫలకముమీద వేలిచ్చినవారి పేర్లు ఎక్కును. నెత్తిమీద ఇసుక మోసినవారి పేర్లు ఎక్కవు. ప్రభువు పుస్తకములోనైతే అవి ఎక్కియున్నవి.

రెండవది, ఇచ్చివేసినవాటి పద్దు. గొప్పవారి స్నేహముకొరకు మనది కానిదానిని ఇచ్చుచున్నామా? సంఘపు పొలము, విధవరాలి వాటా, పిల్లల చదువు డబ్బు, ఇవి మన చేతిలో ఉన్నను మనవి కావు. కట్నముకొరకు ఎకరము అమ్మి, ఆ అప్పు కొడుకుల నెత్తిన పెట్టిన ఇండ్లు మన మధ్య లేవా? గెజెరు కట్నమువలె, పైకి కానుక, లోపల బూడిద. ఇట్టివాటిని ఇచ్చుటకును పుచ్చుకొనుటకును క్రైస్తవ గృహములు సిగ్గుపడవలెను.

మూడవది, హృదయపు పద్దు. పని ముగిసినది, రంగులు వేసినాము, ప్రతిష్ఠ జరిగినది. ఆ తరువాత మన మనస్సు ఎచ్చటనున్నది? సొలొమోను పడిపోయినది మందిరము లేని దినములలో కాదు. మందిరము కట్టిన తరువాతనే.

ఇది చదువుచున్నవారిలో ఆ ఇరువది ఊళ్లవారివంటివారు ఉందురు. ఎవరో చేసిన బేరములో మీ పొలము పోయి యుండవచ్చును. మీ పనికి మెప్పు ఒకరికిని, నొప్పి మీకును మిగిలి యుండవచ్చును. పెద్దల మాటలలో మీ ఊరు ఇంపుకానిది అనిపించుకొని యుండవచ్చును. మీతో మేము చెప్పునది ఒక్కటే: మీ ప్రభువు ఆ వైపు ఊరివాడు. రాజులు ఇచ్చివేసిన చోటును ఆయన విడిచిపెట్టలేదు. అచ్చటనే తన శిష్యులను పిలిచెను, లేచిన తరువాత అచ్చటనే వారిని కలిసికొనెదనని చెప్పెను.

ఈ నెలలో మన సంఘపు పెద్దలు కమిటీగా కూర్చుండునప్పుడు లెక్కల పుస్తకము తెరచుటకు ముందు 1 రాజులు 9వ అధ్యాయము చదివి ప్రార్థించుదురు గాక. ఎవరి కూలియైన నిలిచియుండినయెడల మరుసటి ఆదివారము కానుక పట్టకముందే అది చెల్లింపబడును గాక. బరువు మోయుచున్న మన సహోదరుని భుజము క్రింద మన భుజమును పెట్టుటకు, సొలొమోనుకంటె గొప్పవాడైన ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.